గీతకు పైన

ఫుట్‌బాల్ ఆటను అంత భయపడుతూ చూసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. ఆట చూడటానికి భయమెందుకని మీరు అడగొచ్చు. ఆమెను చూసి ఉంటే అడగరు. ఇంగ్లండులో ఎక్కడో, ఆమె నోరు సరిగ్గా తిరగని పేరున్న ఒక ఊరి జట్టు ఓడిపోతుంటే, పాకాలలో తన ఇంటి నట్టింట్లో చాప మీద కూర్చుని ఈమెకు చెమటలు పట్టేవి. ఫ్యాను పెంచనా అంటే, "పెంచితే పొయ్యేది కాదు పాపా ఇది" అనేది.

ఆమె పోయి నెల కావస్తోంది. మా ఇంటి ఓనరు. నేను తిరుపతిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతాను. పాకాలలో వాళ్ళ మేడ మీద అద్దెకుంటూ ప్యాసింజరు రైల్లో పోయి వస్తుంటాను. ఆమెను అక్కా అని, ఆమె భర్తను అన్నా అని పిలిచేదాన్ని. కూతురు ఒక్కతే, వడమాలపేటకు ఇచ్చారు. ఇంతకంటే పేర్లూ ఊర్లూ రాయను. ఆ జట్టు పేరు కూడా రాయను. ఆ పేరు గట్టిగా అంటే దిష్టి తగులుతుందని అక్క నోరు మూయించేది. ఆ అలవాటు నాకూ అంటుకుంది.

ఆమె చేతులు ఊరికే ఉండగా నేను చూసింది లేదు. అక్కడి ఆటల సీజను ఆగస్టులో మొదలై మేలో ముగుస్తుంది. అక్క లెక్క వేరు. మొదట్లో చెనక్కాయలు వొలిచేది, చలికాలంలో అనపగింజలు పితికేది, శివరాత్రి దాటాక చింతపండులో గింజలు తీసేది, చివరికి మామిడికాయ ఊరగాయ. బంతి అవతలి వాళ్ళ వైపు ఉంటే చేతులు చకచకా నడిచేవి. మనవాళ్ళ వైపు వస్తే ఆగిపోయేవి. ఆమె చేతులు చూస్తూ కూర్చుంటే టీవీ చూడనక్కరలేదు.

ఆటగాళ్ళ పేర్లు ఆమెకు పట్టవు. ఒకడు గడ్డమోడు, ఒకడు పిలకోడు. గోల్‌పోస్టుకు వాకిలి అని పేరు పెట్టింది. గోల్‌కీపరు ముందుకు పరిగెత్తితే ఆమె ప్రాణాలు అరచేతిలోకి వచ్చేవి. "వాకిలి ఇడిసిపెట్టి యాడికి పోతా ఉండాడు సూడు వీడు" అని నన్ను గిల్లేది. దెబ్బ తగలకపోయినా తగిలినట్టు నేల మీద పడి దొర్లే వాళ్ళంటే మొదట్లో ఆమెకు అసహ్యం. తర్వాత్తర్వాత, స్కోరు సమానంగా ఉన్నప్పుడు మనవాడెవడైనా పడితే, "ఇంకొంచేపు పండుకో నాయనా, తొందరేముండాది" అని బతిమాలడం నేర్చుకుంది. గెలిస్తే మూడు పాయింట్లు, సమానమైతే ఒకటి. ఆమెకు ఎప్పుడూ మూడు మీద ఆశ లేదు. "ఒకటి సాలు" అనేది.

ఇంత భయం ఎందుకో చెప్పాలంటే అన్న తాగుడు గురించి చెప్పాలి. అక్క దాన్ని దాచేది కాదు. ఆయన కువైటులో ఒక ఇంగ్లీషు ఇంజనీరు కారు నడిపేవాడు. ఆ ఇంజనీరు సొంత ఊరి జట్టే ఇది. పక్కన కూర్చోబెట్టుకుని ఆట చూపించి ఆయన అన్నకు ఈ పిచ్చి అంటించాడు. తాగుడు మాత్రం అన్న ఇక్కడికి తిరిగొచ్చాకే మొదలుపెట్టాడు. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వ్యాను నడిపే ఉద్యోగం దొరికింది, దారిలో బ్రాందీ షాపూ దొరికింది. చివరికి కళ్ళు పచ్చబడి, కడుపు ఉబ్బి, వేలూరు తీసుకుపోవాల్సి వచ్చింది. అక్కడి డాక్టరు అక్కతో ఒకే మాట అన్నాడట. ఇంకోసారి తాగితే నా దగ్గరికి తేవద్దు, నేరుగా మీ ఊరికే తీసుకుపొండి అని.

మా జిల్లాలో మనిషి మాట మీద నిలబడాలంటే కాణిపాకం తీసుకుపోతారు. ఆ వినాయకుడి ముందు చేసిన ప్రమాణం తప్పితే అనుభవించాల్సిందేనని అందరికీ గట్టి నమ్మకం. అక్క వాళ్ళన్న ఐరాలలో సేద్యం చేస్తాడు, అక్కడికి కాణిపాకం దగ్గరే. ఆయనే అక్కనూ బావనూ వెంటబెట్టుకుని పోయాడు. అన్న తాగుబోతే గానీ అబద్ధాలకోరు కాదు. తడిబట్టలతో దేవుడి ముందు నిలబడి గుడ్లనీళ్ళు పెట్టుకున్నాడట. "జన్మలో ముట్టనని నేను అనలేను. అంటే అది అబద్ధమైపోతాది" అన్నాడట. చాలాసేపు ఆలోచించి, ఆ జట్టు పై డివిజన్‌లో ఆడినన్నాళ్ళూ ముట్టను, కావాలంటే అట్ల ప్రమాణం చేస్తాను అన్నాడట.

అక్కకు అదేమీ అర్థం కాలేదు. వాళ్ళన్నను చూసింది. ఆయన క్రికెట్ పిచ్చోడు. మన క్రికెట్ లీగుల్లో అడుగున మిగిలిన జట్టు కూడా మరుసటి ఏడు కొత్త చొక్కాలు తొడుక్కుని మళ్ళీ వస్తుంది. ఆయనకు తెలిసిన లోకం అదే. "లీగులో ఉండే టీము యాడికి పోతాది మే? అడుక్కు పడినా మళ్ళా ఏడు వచ్చి ఆడాల్సిందే గదా. ఒప్పుకో" అన్నాడు. అక్క ఒప్పుకుంది. పూజారి హారతి ఇచ్చాడు, అయిపోయింది.

కొన్నేళ్ళు అంతా బాగానే నడిచింది. ఆ జట్టు పైకీ పోలేదు, కిందికీ పోలేదు, మధ్యలో ఉండిపోయింది. అన్న చుక్క ముట్టలేదు. నేను వాళ్ళింట్లో చేరింది ఆ రోజుల్లోనే. శనివారం సాయంత్రాలు అన్న ఫోన్లో ఆటను టీవీకి తగిలించి బీరువాకు ఆనుకుని కూర్చునేవాడు. అక్క ఎవరిదో పెళ్ళి వీడియో చూసినట్టు చూసేది. హైదరాబాదు హాస్టల్లో నా రూమ్మేటు మలయాళీ. ఆ పిల్ల పుణ్యమా అని నాకూ ఈ ఆట కాస్త తెలుసు. అందుకే నన్నూ కిందికి పిలిచేవాళ్ళు.

తర్వాత ఒక ఏడాది సీజను ఓటములతోనే మొదలైంది. ఒక శనివారం, అవతలి వాళ్ళు వరసగా గోల్స్ కొడుతుంటే నేను యథాలాపంగా, "ఇట్లా ఆడితే వీళ్ళు కిందికి పోవడం ఖాయం" అన్నాను. అక్క చెనక్కాయ వొలుస్తూనే, "కిందికంటే యాడికి?" అంది. నేను క్లాసులో చెప్పినట్టు వివరంగా చెప్పాను. ఏడాది చివర అడుగున మిగిలిన మూడు జట్లను కింది డివిజన్‌కు దించేస్తారని, వాళ్ళ చోట్లోకి కిందినుంచి వేరే వాళ్ళు వస్తారని. పట్టికలో ఆ మూడు జట్ల పైన ఒక ఎర్ర గీత ఉంటుంది, ఫోన్లో తీసి అది కూడా చూపించాను. మన జట్టు ఆ గీతకు కింద ఉంది. అక్క చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది. ఆమె గీతను చూడలేదు, ఆయనను చూసింది. ఆయన టీవీని చూస్తున్నాడు.

మరునాడు బట్టలు ఆరేయడానికి మేడ మీదికి వచ్చినప్పుడు నాకు ప్రమాణం కథంతా చెప్పింది. "ఆయప్పకు తెలుసు పాపా. తెలిసే సందు ఇడిసిపెట్టుకున్నాడు" అంది, మొగుడి గురించి.

"మళ్ళీ కాణిపాకం తీసుకుపోయి వేరే ప్రమాణం చేయించొచ్చు కదక్కా?"

"అడిగితే సెయ్యను అంటే? అడగనంత సేపూ ఇది ఉండాది గదా. ఇది గూడా లేకుండా పోతే నేను ఏం సేసేది?"

అప్పటినుంచి నాకూ భయం పట్టుకుంది. ఆ ఏడాది నేను రైలు దిగి గేటు తీయగానే ఆమె అడిగే మొదటి మాట ఒకటే. "గీత యాడుండాది పాపా?" మనవాళ్ళు దానికి పైన ఉన్నారంటే లోపలికి పోయి కాఫీ తెచ్చేది. కింద అంటే అక్కడే మెట్టు మీద కూర్చునేది.

ఓడిన రోజు అన్నను గడప దాటనిచ్చేది కాదు. ఏదో ఒక పని పురమాయించేది. మిక్సీ చూడమనేది, తలుపు బందులకు నూనె పెట్టమనేది, వాటర్ ట్యాంకులో దిగి కడగమనేది. ఆ జట్టు ఎంత అధ్వానంగా ఆడిందంటే మా ట్యాంకు అంత శుభ్రంగా మళ్ళీ ఎప్పుడూ లేదు. ఆయన మారుమాట్లాడకుండా చేసేవాడు. ఆట చూసేటప్పుడు కూడా ఆయన అరవడం, తిట్టడం లేదు. గోలు పడినప్పుడు మాత్రం ఆయన గొంతు దగ్గర ఒకసారి కదిలేది, గుటక వేసినట్టు. అక్క టీవీ వదిలేసి ఆ గొంతునే చూసేది.

చలికాలంలో ఒక ఆట నాకు బాగా గుర్తు. మరునాడు కూతురూ అల్లుడూ వస్తున్నారని అక్క పితికిపప్పు చేస్తోంది. నానబెట్టిన అనపగింజను రెండు వేళ్ళతో నొక్కితే పప్పు బయటికి జారుతుంది. నెమ్మదిగా చేసే పని. మనవాళ్ళు ఒక గోలు ముందున్నారు, ఇంకాసేపట్లో ఆట అయిపోతుంది. అవతలి వాళ్ళకు కార్నర్ దొరికింది, మూల నుంచి బంతిని గోలు ముందుకు తన్నే అవకాశం. కార్నర్ అంటే అక్కకు అన్నిటికంటే భయం. "అందరూ వాకిట్లోకే వస్తా ఉండారే" అంటూ గింజను బలంగా నొక్కింది. పప్పు ఎగిరిపోయి అన్న చెంపకు తగిలింది. ఇంకోటి టీవీకి తగిలింది. కార్నర్ వృథా అయింది, మనవాళ్ళు గెలిచారు. అన్న చెంప మీది పప్పు తీసి నోట్లో వేసుకుని నవ్వాడు. ఆమె నవ్వలేదు. ఏడ్చింది. అల్లుడికి వడ్డించిన పితికిపప్పు కూరలో సగం గింజలు పొట్టుతోనే ఉన్నాయి.

తర్వాత మళ్ళీ ఓటములు మొదలయ్యాయి. అక్క గుళ్ళు పట్టింది. స్టేషను దగ్గరి సుబ్రహ్మణ్యస్వామి గుళ్ళో అర్చన చేయిస్తూ, ఎవరి పేరు మీద అని పూజారి అడిగితే మెల్లగా జట్టు పేరు చెప్పింది. ఎవరో విదేశీ మనవడనుకుని ఆయన గోత్రం అడిగాడు. తెలియదంటే శివగోత్రం అని కలిపి అర్చన చేసేశాడు. నేను పక్కనే నిలబడి నవ్వాపుకోలేక చచ్చాను. బయటికి వచ్చాక నవ్వుతూ, ఇంత దూరం ఎందుకక్కా, కాణిపాకమే పోవచ్చు కదా అన్నాను. ఆమె ముఖం మారిపోయింది. "ఆ సామి సాచ్చి. సాచ్చి దగ్గిరికి పోయి సిపారసు అడగకూడదు" అంది. నా నవ్వు ఆగిపోయింది.

మే నెల వచ్చింది. జట్టు గీతకు కిందే ఉంది. చివరికి ముందు ఆట అది. కనీసం సమానం చేసుకుంటే ఆశ మిగులుతుంది, ఓడితే దిగిపోయినట్టే. అక్కడ మిట్టమధ్యాహ్నం, మనకు సాయంత్రం ఐదింటికి మొదలు. అన్న మొదటి పావుగంట చూసి లేచాడు. "నేను సూడలేను. స్టేషను దాకా పోయొస్తా" అన్నాడు. ఫోను టీవీకే ఉండిపోయింది. స్టేషనుకు పోయే దారిలోనే బ్రాందీ షాపు. అక్క ఆపలేదు. ఆపితే అన్నీ బయటికి మాట్లాడాల్సి వస్తుంది. మామిడికాయ ముక్కలు తుడుస్తూ కూర్చుంది, నేను టెంక పొరలు తీస్తూ కూర్చున్నాను.

అవతలి వాళ్ళు ఒకటి కొట్టారు. మన పిలకోడు ఒకటి కొట్టాడు. ఒకటొకటి. ఆ మీదట ఆమె ఒక్క ముక్క కూడా తుడవలేదు. "ఒకటి సాలు, ఒకటి సాలు" అని పెదాలతో అంటూనే ఉంది. మనవాళ్ళు పడుకున్నారు, దొర్లారు, బంతిని జనంలోకి తన్నారు. చివర్లో కార్నర్ వచ్చింది. అందరూ వాకిట్లోకి వచ్చారు. ఎవడి తలకు తగిలిందో తెలియలేదు, బంతి లోపల ఉంది.

"ఇంక గీత మారదా పాపా?"

"మారదక్కా."

ఆమె టీవీ ఆపింది. చేతులు కడుక్కుని కొంగుకు తుడుచుకుంది. చెప్పులు వేసుకుని బయల్దేరింది. నేనూ వెంట నడిచాను. బ్రాందీ షాపు ముందు ఆగి, లోపలికి తొంగి, అక్కడున్న మొగవాళ్ళ ముఖాలన్నీ చూసింది. ఆయన అక్కడ లేడు.

ప్లాట్‌ఫారం మీద, నీళ్ళ కొళాయి పక్కన బెంచీ మీద ఉన్నాడు. మమ్మల్ని చూసి లేవలేదు. అక్క ఆయన ఎదుట నిలబడింది. "నిలబడినారు. ఒకటొకటి అయింది" అంది.

ఆయన ఆమెనే చూశాడు. "అట్లనా" అన్నాడు.

"ఊ. లెయ్యి, ఇంటికి పోదాం. ముక్కలు ఆరిపోతా ఉండాయి."

తిరిగొచ్చేటప్పుడు బ్రాందీ షాపు దగ్గర ఆమె షాపు పక్కగా నడుస్తూ, ఆయనను రోడ్డు పక్కన నడిపించింది. వెనక నడుస్తున్న నేను ఆ అబద్ధం ఎన్నాళ్ళు నిలుస్తుందా అనుకున్నాను. ఒక్క రోజు, మహా అయితే రెండు. చివరి ఆట ఉండనే ఉంది, ఫోను ఆయన చేతిలోనే ఉంటుంది.

ఆయన చివరి ఆట చూడలేదు. ఎండకు తల నొస్తోందని పడుకున్నాడు. ఆగస్టు వచ్చింది, శనివారాలు వచ్చాయి, ఆట పెట్టమని ఆయన అడగలేదు. ఆయన ఫోన్లో ఆట చూపించే యాప్‌ను అక్క నాతో తీయించేసింది. ఆయన అదేమిటని కూడా అనలేదు. వ్యాను నడిపాడు, ట్యాంకు కడిగాడు, చుక్క ముట్టలేదు.

భయం మాత్రం అక్కను వదల్లేదు. వేరే దారి పట్టింది. కాణిపాకం పోవడం మానేసింది. ఐరాలలో పుట్టింటి పెళ్ళికి పోవాల్సి వచ్చినా ఆ గోపురం కనిపించని దారిలో తిరిగి పోయింది. కాలికి ముల్లు గుచ్చుకున్నా, జ్వరం వచ్చినా, ఆ అబద్ధానికి శిక్ష ఇదేనేమో అనేది. ఒకసారి నాతో తేల్చి చెప్పింది. "ఆయప్పది నిజం ప్రమాణం. అబద్ధం నాది. వస్తే నా మీదికే రావల్ల. ఆయన మీదికి రాకూడదు." నేను సైన్సు మాట్లాడబోయాను. ఆమె విన్నది, విని, "నీకేం తెలుసు" అన్నట్టు నా భుజం తట్టింది.

కిందటేడాది ఆమె కిడ్నీలు పాడయ్యాయి. షుగరు వల్ల అని డాక్టర్లు చెప్పారు. నేను ఆస్పత్రికి పోతే నన్ను వంగమని సైగ చేసి, చెవిలో, "నాకే వచ్చింది సూడు" అంది. ఆ మాటలో బాధ లేదు, పెద్ద బరువు దిగినట్టుంది. ఆమె నమ్మకాన్ని నేను ఇప్పటికీ నమ్మను. ఆ ముఖాన్ని మాత్రం మరిచిపోలేను.

కర్మ అయిపోయి, కూతురు వడమాలపేటకు వెళ్ళిపోయిన సాయంత్రం అన్న మెట్లెక్కి మేడ మీదికి వచ్చాడు. ఇన్నేళ్ళలో ఆయన మా గుమ్మం తొక్కడం అదే మొదటిసారి. కుర్చీ వేస్తే కూర్చోలేదు. చిక్కిపోయాడు. ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

"ఆ పొద్దు స్టేషన్లో ఆమె సెప్పింది అబద్ధమని నాకు తెలుసు మేడమ్" అన్నాడు. "ఆమెకు అబద్ధం సెప్పేది రాదు. నా మొగం సూడలే, సొక్కా గుండీ సూసి సెప్పింది."

"మరి ఏమీ అనలేదేమన్నా?"

"ఏమని అనేది? ఆ బెంచీ మీద కూసోని, వాళ్ళు దిగిపోతే నాకు అడ్డమేముండాదని ఆలోసన సేస్తా ఉంటి. ప్రమాణం సేసిన పొద్దు ఆ సందు లేకుండా సెయ్యడం నా వల్ల కాలే. తాగల్లనే ఉండింది నాకు. ఆమె వచ్చి నిలబడినారు అనింది. పాపం తన నెత్తినేసుకోని మరీ అనింది. దాన్ని అబద్ధం సేసేదానికి నాకు మనసు రాలే. ఆ మాట మీదనే ఇన్నాళ్ళు ఉండినాను."

గొంతు దగ్గర గుటక కదిలింది. ఆ కదలికను చూడాల్సిన మనిషి లేదు, నేను చూశాను.

"నిన్న ఆ షాపు కాడ నిలబడినాను మేడమ్. లోపలికి పోలే. ఇంటికి వచ్చినాను. ఈ పొద్దు గూడా ఆడే నిలబడినాను. నాకు భయంగా ఉండాది." తలెత్తి నన్ను సూటిగా చూశాడు. "మనోళ్ళు ఇప్పుడు యాడుండారు మేడమ్? గీతకు పైనే ఉండారా?"

ఆ జట్టు దిగిపోయింది దిగిపోయినట్టే ఉంది. మళ్ళీ పైకి రాలేదు. అది నాకు తెలుసు, ఆయనకూ తెలుసు. దేవుడంటే నాకు పెద్దగా పట్టింపు లేదని ఇన్నాళ్ళూ చెప్పుకుంటూ వచ్చినదాన్ని, ఆ క్షణంలో నాకు కాణిపాకం సామే గుర్తొచ్చాడు. అక్క ఎంత భయాన్ని మోసిందో అప్పుడు తెలిసింది. ఆయన ముఖంలోకే చూడాలని గట్టిగా అనుకుని, చూస్తూ చెప్పాను.

"పైనే ఉన్నారన్నా."

ఆయన తల ఊపాడు. మెట్ల దాకా వెళ్ళి, గోడ పట్టుకుని ఆగాడు.

"రేపు గూడా వచ్చి అడుగుతా మేడమ్. ఏమనుకోవద్దు" అన్నాడు.